మోతీనగర్‌లో 120 గజాల బిల్డింగ్: చెప్పిన అద్దె 62 వేలు, వచ్చిన అద్దె వేరు

2024 జూన్‌లో ఒక శుక్రవారం రాత్రి మా బావగారు ఫోన్ చేశారు. "నెలకి 62 వేలు అద్దె వచ్చే బిల్డింగ్ దొరికిందయ్యా, కోటీ ఎనభై చెబుతున్నాడు, ఆదివారం వచ్చి ఒకసారి చూడు" అన్నారు. ఆయన "చూడు" అన్నారంటే "సరే అను" అని అర్థం. పదిహేనేళ్లుగా చిన్న చిన్న బిల్డింగులు కొని అద్దెకిచ్చుకుంటూ, తెలిసినవాళ్లకి కూడా కొనేముందు లెక్క వేసి పెడుతుంటాను కాబట్టి ఇలాంటి పిలుపులు నాకు అలవాటే. ఈ ఒక్క కేసు పూర్తిగా రాయడానికి కారణం ఏంటంటే, ఇందులో నా అంచనాలూ ఉన్నాయి, తర్వాత ఏడాది పాటు నిజంగా వచ్చిన అంకెలూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం అన్నిసార్లూ రాదు.

బావగారికి 61 ఏళ్లు, రిటైరయ్యారు. రిటైర్మెంట్ డబ్బు, ఊళ్లో అమ్మిన పొలం డబ్బు కలిపి కోటీ పది లక్షల దాకా చేతిలో ఉంది. మిగతాది మా మేనల్లుడి పేరు మీద లోన్ తీయాలని ప్లాన్: 90 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ, ఈఎమ్‌ఐ 78 వేలు. అద్దె 62 వేలు వస్తుంది, పైన 16 వేలు పిల్లాడు జీతంలోంచి కడతాడు, ఇరవై ఏళ్లకి బిల్డింగ్ మనది. ఇంట్లో అందరికీ ఈ లెక్క నోటికొచ్చేసింది. అక్కకి మాత్రం ఎందుకో నమ్మకం లేదు, "నువ్వు చూశాకే అడ్వాన్స్ ఇస్తామని చెప్పాను" అంది.

బిల్డింగ్ హైదరాబాద్ మోతీనగర్‌లో ఒక లోపలి వీధిలో, భరత్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి ఆటోలో అయితే ఐదారు నిమిషాలు. 24 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, తూర్పు ముఖం, ముందు 20 అడుగుల రోడ్డు. 2011లో కట్టారు. కింద రోడ్డు వైపు ఒక షట్టర్, అందులో కిరాణా కొట్టు, దాని వెనక ఒక సింగిల్ రూమ్. మొదటి అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్, అందులో ఓనరే ఉంటున్నారు. రెండో అంతస్తులో రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు. ఆ పైన రేకులు, గోడలు కలిపి ఒక పెంట్‌హౌస్. ఓనర్ ఒక నోట్‌బుక్ కాగితం మీద రాసిచ్చిన అద్దెలు: కొట్టు 12 వేలు, వెనక రూమ్ 6 వేలు, మొదటి అంతస్తు 17 వేలు, రెండో అంతస్తు రెండు పోర్షన్లు కలిపి 19 వేలు, పెంట్‌హౌస్ 8 వేలు. కూడితే సరిగ్గా 62.

నేను ఏ బిల్డింగ్‌కి వెళ్లినా ముందు మెట్ల కిందకి వెళ్తాను. మీటర్లన్నీ అక్కడే ఉంటాయి. హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పే మాటలకంటే ఆ గోడ ఎక్కువ మాట్లాడుతుంది. ఇక్కడ ఆరు మీటర్లు ఉన్నాయి. కొట్టుకి ఒకటి, వెనక రూమ్‌కి ఒకటి, మొదటి అంతస్తుకి ఒకటి, రెండో అంతస్తుకి రెండు, మోటార్ లాంటి కామన్ వాడకానికి ఒకటి. మరి పెంట్‌హౌస్‌కేదీ? కామన్ మీటర్ నుంచి వైరు లాగి పైన సబ్‌మీటర్ పెట్టారు. పెద్ద విషయం కాదనిపిస్తుంది కానీ రెండు రకాలుగా దెబ్బ. ఒకటి, పైవాళ్ల కరెంటూ మోటార్ కరెంటూ ఒకే మీటర్ మీద పడేసరికి నెలకి 200 యూనిట్లు దాటిపోతుంది, దాటిన యూనిట్‌కి 5 రూపాయల 10 పైసల బదులు 7 రూపాయల 70 పైసలు. రెండోది, 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి 200 యూనిట్ల లోపు ఉచితం, అద్దెకున్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. అందుకే ఇప్పుడు ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్లు కిచెన్ కంటే ముందు "సెపరేట్ మీటర్ ఉందా" అని అడుగుతున్నారు. సబ్‌మీటర్ ఉన్న పోర్షన్‌కి అద్దె తగ్గించక తప్పదు.

ఓనర్‌ని గడిచిన ఏడాది కరెంటు బిల్లులు అడిగాను. ఆయన కొంచెం విసుగ్గానే ఫోన్‌లో తీసి చూపించారు. వెనక రూమ్ బిల్లుల్లో ఏడు నెలలు రెండు యూనిట్లు, మూడు యూనిట్లు, ఒక నెల అయితే సున్నా. మనుషులున్న ఇంట్లో ఫ్యాన్ ఒక్కటి తిరిగినా అంతకంటే ఎక్కువ కాలుతుంది. అంటే ఏడు నెలలు ఖాళీ. రూమ్‌లోకి వెళ్తే కారణం కూడా అర్థమైంది: కిటికీ లేదు, తలుపు పక్కనే సంపు, లోపల ఎప్పుడూ తడి వాసన. కొట్టు బిల్లు మీద కేటగిరీ ఇంటిదే ఉంది, కమర్షియల్ కాదు. ఎవరైనా వచ్చి చెక్ చేస్తే ఆ రోజు ఓనర్ ఎవరైతే వాళ్ల మీద పడుతుంది.

తర్వాత బోరు. జూన్ రెండో వారం, వానలు ఇంకా సరిగ్గా పడలేదు, అద్దె ఇల్లు చూడ్డానికి అంతకంటే మంచి టైమ్ లేదు. మోటార్ వేయించి టెర్రస్ మీద ట్యాంకు పైపు దగ్గర బకెట్ పెట్టుకుని నిలబడ్డాను. 20 లీటర్ల బకెట్ మొదట అర నిమిషంలోపే నిండింది. పన్నెండో నిమిషానికి ధార సన్నబడింది, తర్వాత బుసబుసమని గాలి. బావగారు కింద నుంచి "ఇంకా ఎంతసేపయ్యా" అని అరుస్తున్నారు. అదే టైమ్‌లో రెండో అంతస్తు ఆవిడ బట్టలు ఆరేయడానికి పైకొచ్చారు. కొనడానికొచ్చామని చెప్పలేదు, అద్దెకి చూస్తున్నామన్నాను. "ఇల్లు మంచిదే అన్నా, నీళ్లే కష్టం. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వేస్తారు, అప్పుడే అన్నీ పట్టుకోవాలె. ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తే పైసలు మేమే వేసుకుంటం" అంది. అద్దె ఎంతమ్మా అంటే 8 వేలు, నాలుగేళ్లుగా ఉంటున్నామంది. పక్క పోర్షన్‌వాళ్లు ఈమధ్యే వచ్చారట, 9,500 ఇస్తున్నారు, అందులో 500 నీళ్లు, ఊడ్చినందుకు. ఓనర్ కాగితంలో ఇద్దరిదీ 9,500.

మిగతాది ఇంటికి వెళ్తూ వెళ్తూ పూర్తి చేశాను. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో గేట్లకి వేలాడుతున్న టు-లెట్ బోర్డులు ఫొటోలు తీసి, ఐదుగురికి ఫోన్ చేశాను. డబుల్ బెడ్‌రూమ్ 13,500 నుంచి 15 వేల మధ్య పలుకుతోంది, 17 వేలు ఎవరూ అనలేదు. అలాంటి షట్టర్ అదే లైన్లో 8 వేలకి రెండు ఖాళీగా ఉన్నాయి. ఇక్కడ కొట్టువాడు 12 ఎందుకిస్తున్నాడా అని కొట్లో ఒక సబ్బు కొని మాట కలిపితే తేలింది, అతను ఓనర్‌కి బామ్మర్ది. ఎంత ఇస్తున్నాడో, అసలు ఇస్తున్నాడో లేదో వాళ్లకే తెలియాలి.

నా అంచనా ఇలా కుదిరింది. కొట్టు 8 వేలు, వెనక రూమ్ 4,500, మొదటి అంతస్తు 14,500, రెండో అంతస్తు 17 వేలు, పెంట్‌హౌస్ 7 వేలు. మొత్తం 51 వేలు. 62కీ 51కీ తేడా చూసి బావగారు "11 వేలేగా" అన్నారు. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. ప్లాన్ కాపీ తెప్పిస్తే జీ ప్లస్ 2 (కింద ఒకటి, పైన రెండు అంతస్తులు) వరకే పర్మిషన్, కింద ముందు భాగం పార్కింగ్ అని ఉంది. అంటే కొట్టూ, పెంట్‌హౌసూ రెండూ కాగితం మీద లేవు. పెంట్‌హౌస్‌కి 2015లో వచ్చిన బీఆర్‌ఎస్ కింద దరఖాస్తు పెట్టిన రసీదు ఒకటి చూపించారు (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ పథకం), అది కోర్టు కేసుల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి కదల్లేదు. ఓనర్ చెప్పిన 62 వేలల్లో 20 వేలు ప్లాన్‌లో లేని గదుల మీద వస్తున్న డబ్బు. నేను ధర కట్టేటప్పుడు అలాంటి అద్దెని లెక్కలోకి తీసుకోను. వస్తే తీసుకుంటాం, కానీ దాని మీద ఒక్క రూపాయి కూడా ముందుగా ఇవ్వం. కొట్టూ పెంట్‌హౌసూ తీసేస్తే కాగితం మీద నిలబడే అద్దె 36 వేలు.

ఖర్చుల దగ్గర జనం ఇంటి పన్ను ఒక్కటే రాసుకుని ఊరుకుంటారు. నేను రాసింది: పన్ను 11 వేలు, కామన్ కరెంటు 21,600, ఎండాకాలం ట్యాంకర్లు 24 వేలు, ఊడ్చడం, సంపు, ట్యాంకు కడగడం 18 వేలు, 13 ఏళ్ల బిల్డింగ్ కాబట్టి రిపేర్లకి 40 వేలు. ఏడాదికి 1,14,600. ట్యాంకర్ డబ్బు కిరాయిదారుల దగ్గర వసూలు చేయొచ్చుగా అని బావగారు అడిగారు. చేయొచ్చు, ఆ తర్వాత వాళ్లు ఖాళీ చేస్తారు, ఆ నెల అద్దె పోతుంది. ఖాళీల కింద ఏడాదికి ఒక నెల తీసేశాను, ఎందుకంటే మన దగ్గర ఇల్లు ఎప్పుడు ఖాళీ అయిందన్నది ముఖ్యం. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో చాలామంది ఇల్లు మారరు. జ్యేష్ఠం చివర్లో ఖాళీ అయిన పోర్షన్ శ్రావణం దాకా అలా ఉండిపోతుంది.

51 వేల చొప్పున 11 నెలలు 5,61,000. ఖర్చులు పోను 4,46,400. కోటీ ఎనభైకి కొంటే రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 13.5 లక్షలు. దిగగానే చేయాల్సిన పనులకి ఐదారు లక్షలు. మొత్తం రెండు కోట్లు అనుకుంటే చేతికొచ్చేది 2.2 శాతం. నెలకి 37 వేలు వస్తుంది, ఈఎమ్‌ఐ 78 వేలు. పిల్లాడు కట్టాల్సింది 16 వేలు కాదు, 41 వేలు. ఈ మాట చెప్పినప్పుడు మేనల్లుడు ఏమీ అనలేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మళ్లీ వేసుకున్నాడు. అక్క మాత్రం ఒక ప్రశ్న వేసింది, "మరి ఈ డబ్బు బ్యాంకులో ఉంటే ఎంతొస్తుంది?" సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, అప్పుడు 8.2 శాతం. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకి 20,500. మోటార్ కాలదు, ఎవరూ ఖాళీ చేయరు. రెండు కోట్ల బిల్డింగ్ ఇచ్చేది నెలకి 37 వేలు. హైదరాబాద్‌లో చిన్న బిల్డింగులు అద్దె కోసమే కొంటున్నామని చెప్పేవాళ్లు నిజానికి కొనేది స్థలం, అద్దె దాని మీద వచ్చే చిల్లర. అలా కొనడం తప్పని నేను అనను, నేనూ కొన్నాను. స్థలం ధర ఇచ్చి, పైన ఉత్తుత్తి అద్దెకి మళ్లీ ఇంకో ధర ఇవ్వకూడదు అంతే.

అందుకని ధర అద్దె నుంచి కాకుండా స్థలం నుంచి కట్టాం. అప్పట్లో ఆ వీధిలో గజం 90 వేలు అనుకున్నాం: 120 గజాలకి కోటీ 8 లక్షలు. పర్మిషన్ ఉన్న మూడు అంతస్తులు, అంతస్తుకి 850 అడుగులు, వయసు తీసేసి అడుగుకి 1,350 చొప్పున 34 లక్షల పైచిలుకు. మొత్తం కోటీ 42. పెంట్‌హౌస్‌కి సున్నా. తర్వాత బ్యాంకు వాల్యుయేటర్ కూడా కాస్త అటూ ఇటూగా అదే అంకె ఇచ్చాడు, వాళ్లూ పర్మిషన్ లేని అంతస్తు లెక్కలోకి తీసుకోరు.

మేం కోటీ 45 అన్నాం, ఓనర్ నవ్వాడు. ఇంకో మాట కూడా అన్నాడు, "డాక్యుమెంట్ కోటికి రాసుకుందాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది". ఇది అందరూ చేసేదే అని బావగారు కొంచెం మెత్తబడ్డారు కూడా. నేను ఒప్పుకోలేదు. ఆయన డబ్బంతా బ్యాంకులో ఉన్న తెల్ల డబ్బు, దాన్ని మనంతట మనమే నల్లగా మార్చుకోవడమేంటి? డాక్యుమెంట్ కోటి అయితే బ్యాంకు లోన్ దాని మీదే ఇస్తుంది, 90 లక్షలు రాదు. రేపు పిల్లాడు అమ్మినప్పుడు కొన్న ధర కోటి అని చూపించాలి, మిగతాదంతా లాభం కింద పన్ను. స్థిరాస్తి కొనుగోలులో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు కూడా. మాట అక్కడితో ఆగిపోయింది. రెండు నెలలు బావగారు నాతో ముభావంగానే ఉన్నారు, పండక్కి వచ్చినా "నీ లెక్కల వల్ల పోయింది" అన్నారు.

అంతలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. 2024 సెప్టెంబరులో సున్నం చెరువు దగ్గర కూల్చివేతలు జరిగాయి, మా బిల్డింగ్‌కి అది దూరమే. అయినా బోరబండ, అల్లాపూర్, మోతీనగర్ వైపు కొనేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. ప్రతివాడూ ఎఫ్‌టీఎల్ మ్యాపు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేది) అడిగేవాడే. మేమూ చూసుకున్నాం, చెరువు చుట్టూ వదలాల్సిన బఫర్‌లో కూడా లేదు. అక్టోబరులో ఓనరే ఫోన్ చేశాడు, కూతురి పెళ్లి ఉంది, కోటీ 52కి పూర్తిగా వైట్‌లో ఇస్తానన్నాడు. మా అంకె కంటే 7 లక్షలు ఎక్కువ. స్థలం కోసం ఒప్పుకుందామని నేనే చెప్పాను.

లాయర్ లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన కాగితాలు) చూస్తే పాత కుటుంబ పంపకం కాగితంలో ఒక చెల్లెలి సంతకం లేదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) శుభ్రంగానే ఉంది, ఇలాంటివి ఈసీలో కనపడవు. ఆవిడని నిజామాబాద్ నుంచి రప్పించి ఆ పంపకానికి ఒప్పుకుంటున్నట్టు రాటిఫికేషన్ డీడ్ రాయించాక గానీ అగ్రిమెంట్ చేయలేదు. చివర్లో ఇంకో చిన్న సంగతి: కిరాయిదారులు పాత ఓనర్‌కి ఇచ్చిన రెండేసి నెలల అడ్వాన్సులు. మొత్తం 48 వేలు, ఇవ్వాల్సిన డబ్బులోంచి తగ్గించుకున్నాం. చాలామంది దీన్ని మర్చిపోతారు, తర్వాత కిరాయిదారు ఖాళీ చేసే రోజు తమ జేబులోంచి ఇస్తారు. అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కొన్నవాళ్లే కట్టాలి, అదీ కట్టాం. కార్తీక మాసంలో రిజిస్ట్రేషన్. 152 లక్షలు, ఫీజులు 11.4, పనులకి 5 (టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, రెండు బాత్రూమ్‌లు, వైరింగ్), మొత్తం 168.4 లక్షలు. లోన్ 75 లక్షలకే ఆపించాం, ఈఎమ్‌ఐ 65 వేలు. అక్క పట్టుబట్టి 15 లక్షలు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేయించింది. మూడు నెలలకోసారి 30,750 టంచనుగా పడుతోంది, ఆ రోజు అక్క నాకు మెసేజ్ పెడుతుంది.

ఇక 2025 లెక్క. కొట్టు నడిపే బామ్మర్ది పాత ఓనర్‌వాళ్లతోపాటే వెళ్లిపోయాడు, జనవరి నుంచి మార్చి దాకా షట్టర్ మూసే ఉంది. ఏప్రిల్‌లో కమర్షియల్ మీటర్ పెట్టించి ఒక కర్రీ పాయింట్‌కి 9 వేలకి ఇచ్చాం, నా అంచనా కంటే వెయ్యి ఎక్కువ. నేను ఊహించనిది ఏంటంటే, నూనె, అన్నం అంతా డ్రైనేజీలోకి వెళ్లి జూన్‌లో లైను జామ్ అయింది, తవ్వించి కొత్త పైపు వేయడానికి 18 వేలు. వెనక రూమ్ 4,500కి ఎవరూ రాలేదు, మే నుంచి కర్రీ పాయింట్‌వాళ్లే సామాన్లకి 3 వేలకి తీసుకున్నారు. మొదటి అంతస్తు ఫిబ్రవరిలో 14,500కి పోయింది. రెండో అంతస్తు ఆవిడ అక్కడే ఉన్నారు, జూన్ నుంచి 8,500. పక్క పోర్షన్‌వాళ్లు జూన్ చివర్లో ఖాళీ చేశారు, సరిగ్గా ఆషాఢం మొదలైంది, జూలై అంతా తాళం, శ్రావణంలో కొత్తవాళ్లు 9,500కి వచ్చారు. పెంట్‌హౌస్ ఏప్రిల్ ఎండలకి ఖాళీ అయి రెండు నెలలు అలాగే ఉంది.

మొత్తం వచ్చింది 5,35,500. నా అంచనా కంటే 25,500 తక్కువ, అంటే అద్దె వైపు నేను పెద్దగా తప్పలేదు. ఖర్చు వైపు గట్టిగానే తప్పాను: 1,14,600 అనుకున్నది 1,68,000 అయింది. డ్రైనేజీ చెప్పాను కదా, బోరు మోటార్ కాలిపోయి కొత్తది దింపడానికి 31 వేలు, ట్యాంకర్లకి 33 వేలు. బకెట్ పెట్టుకుని నిలబడి గాలి రావడం కళ్లారా చూసిన నేనే మోటార్‌కి విడిగా డబ్బు పెట్టలేదు. నీళ్లు తగ్గి ఖాళీగా తిరిగే మోటార్ ఎన్నాళ్లుంటుంది? చేతికి మిగిలింది 3,67,500, పెట్టిన దాని మీద 2.2 శాతం. ధర ఇంకా చాలా తక్కువ ఉంటే తప్ప ఇది అద్దె బేరం అనిపించుకోదు, అలాంటి ధరకి ఆ వీధిలో ఎవరూ అమ్మరు.

కలిసొచ్చింది ఒకటే, అది నా తెలివేం కాదు. ఆర్‌బీఐ 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో కలిపి రెపో రేటు (బ్యాంకులకి తను ఇచ్చే అప్పు మీద వడ్డీ) ఒక శాతం తగ్గించింది. బ్యాంకులు మామూలుగా ఈఎమ్‌ఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తాయి. మేనల్లుడు వెళ్లి లెటర్ ఇచ్చి ఈఎమ్‌ఐ తగ్గించుకున్నాడు, నెలకి నాలుగున్నర వేలు దాకా మిగులుతోంది. అతను కొత్త పన్ను విధానంలో ఉన్నాడు కాబట్టి లోన్ వడ్డీని అద్దె ఆదాయంలోంచి మాత్రమే తీసేసుకోవచ్చు, జీతం మీద పన్ను తగ్గదు. ఏజెంట్ మాత్రం "లోన్ వడ్డీకి టాక్స్ బెనిఫిట్ ఉంది సార్" అని మూడుసార్లు చెప్పాడు.

బావగారు ఈ లెక్కలు చూడరు. ఆ వీధిలో గజం లక్ష దాటిందని ఎవరో చెప్పారట, అదొక్కటే చెబుతుంటారు. నేను అది ఎక్కడా రాసుకోలేదు, అమ్మిన రోజు రాసుకుంటాను.

మొన్న డిసెంబరు చివర్లో మొదటి అంతస్తువాళ్లు సొంత ఫ్లాట్‌కి వెళ్తున్నామని చెప్పారు. పుష్య మాసం, జనవరి 18 దాకా ఎవరూ సామాన్లు దించరు. బావగారు 16,500 అని బోర్డు పెడదామన్నారు, నేను 15 వేలు చాలన్నాను, చివరికి అద్దె అంకె లేకుండా బోర్డు పెట్టారు. కింద ఫోన్ నంబరు మాత్రం నాది రాయించారు. ఇది రాయడం మొదలుపెట్టాక ఇప్పటికి నాలుగు కాల్స్ వచ్చాయి, నలుగురూ మొదట అడిగింది నీళ్ల గురించే.